రోహిణి కార్తెకు ముందే: విశాఖ ఆఫీసు తోటల నీళ్ల లెక్క

ఏప్రిల్ నెల, పొద్దున్న పదకొండున్నర. రుషికొండ ఐటీ కొండల మీద ఏ ఆఫీసు ముందైనా కనిపించే దృశ్యమే ఇది. మాలి ఒకాయన పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టి లాన్ మీదికి నీళ్లు చిమ్ముతుంటాడు. అప్పటికే సముద్రం వైపు నుంచి గాలి అందుకుని ఉంటుంది. చిమ్మిన నీళ్లు కొన్ని గడ్డి మీద పడతాయి, కొన్ని పేవర్ టైల్స్ మీద, కొన్ని పక్కన ఆపిన కార్ల అద్దాల మీద. టైల్స్ మీద పడ్డవి ఐదు నిమిషాల్లో ఆరిపోతాయి. ఆరిన చోట సన్నగా తెల్లటి చార మిగులుతుంది. వేలితో రాస్తే పిండిలా వస్తుంది. బోరు నీటిలోని ఉప్పూ సున్నమూ కలిసిన పిండి అది. గడ్డి కింద మట్టిలోనూ అదే మిగులుతోంది, కాకపోతే అక్కడ కంటికి ఆనదు.

మే నెల వచ్చేసరికి ఆ లాన్ మచ్చలు మచ్చలుగా ఎర్రబడుతుంది. అడిగితే ఫెసిలిటీ మేనేజర్ దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: "ఎండలండీ, ఏం చేస్తాం." ఈ జవాబు సగమే నిజం. రాయలసీమలో, పల్నాడులో నలభై దాటే రోజుల్లో కూడా విశాఖ తీరం వెంబడి చాలాసార్లు 34, 35 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పడమటి గాలి గెలిచి సముద్రపు గాలి లోపలికి రాలేని కొద్ది రోజులు మాత్రం ఊరు కాలిపోతుంది. మిగతా కాలమంతా ఇక్కడ ఉండేది ఉక్కపోత. గరిక, కానుగ, గన్నేరు, కాగితం పూలు ఈ వేడికి చచ్చే జాతులు కావు. మరి ఎందుకు చస్తున్నాయంటే, నీళ్లలో ఉప్పు, నీళ్లు పెట్టే టైము, కాంట్రాక్టు మారే తేదీ. ఈ మూడింటినీ ఉగాదికి, రోహిణి కార్తెకు మధ్య ఉన్న ఎనిమిది వారాల్లో సరిచూసుకోకపోతే తర్వాత ఎంత నీళ్లు పోసినా తోట తేరుకోదు.

సెంటుకు రెండు వందల లీటర్లు

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలబడితే అది సరిగ్గా ఒక లీటరు. ఎండాకాలంలో లాన్ రోజుకు నాలుగు నుంచి ఐదు మిల్లీమీటర్ల నీటిని గాలిలోకి వదిలేస్తుంది. సెంటు అంటే నలభై చదరపు మీటర్ల పైచిలుకు. అంటే గట్టి ఎండ రోజున సెంటు లాన్‌కు 200 లీటర్లు. పది సెంట్ల లాన్‌కు రోజుకు 2,000 లీటర్లు, నెలకు 60,000. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఇది గడ్డి వేళ్లకు చేరాల్సిన నీరు మాత్రమే. గాలికి కొట్టుకుపోయేదీ, కాలువలోకి జారేదీ ఈ లెక్కలో లేవు.

ఊరికి నీళ్లిచ్చే మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ముడసర్లోవ మే నెలలో ఎలా ఉంటాయో వైజాగ్ వాసులకు వేరే చెప్పనక్కర్లేదు. ఏలేరు కాలువ నీరు రాకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. పక్క కాలనీలో బిందెలు వరుసలో ఉన్నప్పుడు ఆఫీసు లాన్‌కు మంచినీటి ట్యాంకర్ తెప్పించడం చూడ్డానికీ బాగుండదు, ఖర్చుకూ బాగుండదు. అందుకే చాలా చోట్ల తోట బోరు మీదే బతుకుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

తీరానికి దగ్గరి బోర్లలో టీడీఎస్ 2,000 దాకా వెళ్లడం వింతేమీ కాదు. టీడీఎస్ 2,000 అంటే లీటరు నీటిలో రెండు గ్రాముల లవణాలు. పది సెంట్ల లాన్‌కు రోజుకు 2,000 లీటర్లు పోస్తే అందులో నాలుగు కిలోల ఉప్పు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. ఏప్రిల్, మే రెండు నెలలకు 240 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు దాదాపు ఐదు. ఎవరైనా ఐదు బస్తాల ఉప్పు తెచ్చి లాన్ మీద చల్లితే సెక్యూరిటీ వాళ్లు పట్టుకుంటారు. పైపుతో చల్లితే పట్టుకునేవాళ్లు లేరు.

కాబట్టి మార్చిలో చేయాల్సిన మొదటి పని మొక్కలకు సంబంధించింది కాదు. బోరు నీరు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీరు, సంపులో కలిసిన నీరు మూడింటినీ వేర్వేరుగా టీడీఎస్ మీటరుతో చూసి రాసుకోవాలి. ఆ మీటరు ఖరీదు ఒక మంచి కుండీ ఖరీదు కంటే తక్కువ. ఏప్రిల్ చివర, మే చివర మళ్లీ చూడాలి. వేసవిలో బోరు మట్టం దిగేకొద్దీ తీరప్రాంతంలో ఉప్పు పెరుగుతుంది గనక మార్చిలో తీసిన అంకె మేలో పనికిరాదు.

మీటరు లేకపోయినా ఆకు చెబుతుంది. నూరువరహాల హెడ్జ్ దగ్గర వంగి చూస్తే తేడా తెలుస్తుంది. నీళ్లు చాలని మొక్కకు ఆకు మొత్తం వడలి వేలాడుతుంది, సాయంత్రం తడి తగిలితే మళ్లీ లేస్తుంది. ఉప్పు తగిలిన మొక్కకు ముదురాకుల కొసలూ అంచులూ మాత్రమే మాడతాయి. మాడిన భాగానికీ పచ్చ భాగానికీ మధ్య గీత గీసినట్టు ఉంటుంది, పట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. వేలు గుచ్చితే కింద మట్టి తడిగానే ఉంటుంది. ఇక సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పైతే మొక్కకు ఒకవైపే, అంటే సముద్రం చూసే వైపే మాడుతుంది. బీచ్ రోడ్డు హోటళ్ల ప్రహరీల మీది మొక్కల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఈ మూడింటికీ మన మేస్త్రీలు చేసే వైద్యం మాత్రం ఒకటే: ఇంకా నీళ్లు పెట్టడం. మొదటి దానికి అది మందు. రెండోదానికి, అదే ఉప్పు నీరు రోజూ కొద్దికొద్దిగా పెడితే, విషం.

ఉప్పు నీరు తప్పనిసరైన చోట రోజూ పైపైన తడపడం మానేసి, రెండు రోజులకోసారి లోతుగా పెట్టాలి. పది పదిహేను రోజులకు ఒకసారి, దొరికితే తక్కువ టీడీఎస్ నీటితో, మామూలుకు రెట్టింపు పెట్టి పేరుకున్న ఉప్పును వేళ్ల కిందికి దింపాలి. విశాఖ ఎర్ర ఇసుక నేలల్లో నీరు తేలిగ్గా దిగుతుంది గనక ఇది సాధ్యమే. బేస్‌మెంట్ పార్కింగ్ శ్లాబు మీద పోసిన అడుగు లోతు మట్టిలో మాత్రం జాగ్రత్త. అక్కడ కింద డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోయి ఉంటే దింపిన ఉప్పు ఎక్కడికీ పోదు. మార్చిలో ఆ రంధ్రాల్లో ఇనుప ఊచ పెట్టి పొడిచి చూడటం అర పూట పని. దాదాపు ఎవరూ చేయరు.

ఆర్‌ఓ ప్లాంట్ వదిలేసే వృథా నీటిని తోటకు మళ్లించి, రిపోర్టులో 'నీటి పునర్వినియోగం' అని రాసుకునే అలవాటు ఒకటి ఈ మధ్య బాగా పెరిగింది. ఉద్దేశం మంచిదే. కానీ తాగే నీటిలోంచి తీసేసిన ఉప్పంతా ఆ వృథా నీటిలోనే ఉంటుంది. దాన్ని కొబ్బరికో, సరుగుడుకో, గంగరావికో పెట్టొచ్చు. గులాబీలకు, నూరువరహాలకు పెడితే పది రోజుల్లో ఫలితం కనిపిస్తుంది. సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) కడిగిన నీరు, కూలింగ్ టవర్ నుంచి వదిలే నీరు అయితే తోట వైపే రాకూడదు. ఎస్టీపీ నీరు వాడటం సబబే. సాఫ్ట్‌నర్ నీరు దానిలో కలుస్తోందా లేదా అన్నది మాత్రం ప్లంబర్‌ని వెంటబెట్టుకుని పైపు పట్టుకుని వెళ్లి చూడాల్సిందే.

విశాఖ ఉక్కపోత ఉచితంగా ఇచ్చే నీరు ఇంకొకటుంది. ఏసీల నుంచి కారే నీరు. గాలిలో తేమ ఎంత ఎక్కువుంటే ఏసీ అంత ఎక్కువ నీరు కారుస్తుంది. ఉక్కగా ఉన్న రోజున గట్టిగా నడిచే ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు, ఒక్కోసారి అంతకు మించి ఇస్తుంది. అందులో ఉప్పు దాదాపు ఉండదు. తాగడానికి పనికిరాదు కానీ మొక్కకు ఇంతకంటే మెత్తని నీరు ఈ ఊళ్లో దొరకదు. సిరిపురం, ద్వారకానగర్ వైపు పాత కాంప్లెక్సుల్లో ఈ నీరు గోడ మీద నాచు పెంచుతూ కిందికి కారుతుంటుంది. అదే గోడ కింద ఉన్న కుండీల్లో మనీప్లాంట్‌కు బోరు నీరు పోస్తుంటారు. నాలుగు మీటర్ల పైపు, ఒక డ్రమ్ము ఉంటే ఆ కుండీల సమస్య తీరిపోతుంది.

తెల్లారకముందే తడపాలి

మే నెలలో విశాఖలో ఐదున్నర లోపే తెల్లారిపోతుంది. నాలుగు నుంచి ఆరున్నర దాకా గాలి మందంగా ఉంటుంది, ఉన్నా నేల వైపు నుంచే వీస్తుంది. పది దాటాక సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి బలపడుతుంది. ఆ గాలిలో స్ప్రింక్లర్ వేస్తే సన్నటి తుంపర గడ్డి దాకా రాదు. పైగా ఉప్పు నీరు ఆకు మీద పడి అక్కడే ఆరడం రెట్టింపు నష్టం.

సాయంత్రం పెడితే సరిపోదా అనిపిస్తుంది. పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో సరిపోతుంది కూడా. ఇక్కడ రాత్రంతా గాలిలో తేమ ఎక్కువ. సాయంత్రం తడిసిన గడ్డి తెల్లారేదాకా ఆరదు, గుండ్రటి గోధుమరంగు మచ్చలతో బూజు తెగులు మొదలవుతుంది. దాన్ని చూసి నీళ్లు చాలలేదనుకుని మళ్లీ సాయంత్రమే నీళ్లు పెడతారు. డ్రిప్‌కు ఈ ఇబ్బంది లేదు, ఆకు తడవదు గనక ఏ వేళైనా ఒకటే.

తెల్లవారుజామున నాలుగింటికి మాలి రాలేడు. రమ్మనడం న్యాయమూ కాదు. ఇక్కడే టైమర్, కరెంటుతో దానంతటదే తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వు ఖర్చు తనను తాను రాబట్టుకుంటుంది. మనుషుల పనివేళలు ఎలాగూ మార్చాలి. 35 డిగ్రీలే కదా అని ఉక్కపోతను తక్కువ అంచనా వేయకూడదు. చెమట ఆరని గాలిలో 35 డిగ్రీలు, పొడి గాలిలో నలభై కంటే ఒంటికి ప్రమాదం. ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు ఆపి, మళ్లీ నాలుగింటి తర్వాత రెండు గంటలు చేయించడం, నీడలో మజ్జిగో ఓఆర్ఎస్సో అందుబాటులో ఉంచడం అనేవి దయతో చేసేవి కావు, పని ఆర్డరులో రాసి ఉండాల్సినవి. మధ్యాహ్నం పన్నెండింటికి సూటూబూటూ వాళ్లు అద్దాల్లోంచి చూస్తుంటే బయట మాలి హెడ్జ్ కత్తిరిస్తున్నాడంటే ఆ ఆఫీసులో వేసవి ప్రణాళిక లేదనే అర్థం.

స్ప్రింక్లర్లు ఎంత నీరు ఇస్తున్నాయో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. క్యాంటీన్ నుంచి నిలువు గోడల స్టీలు టిఫిన్ డబ్బాలు ఆరేడు తెచ్చి లాన్ మీద అక్కడక్కడా పెట్టి, పదిహేను నిమిషాలు స్ప్రింక్లర్ నడిపి, స్కేలుతో లోతు కొలవాలి. ఒక డబ్బాలో ఎనిమిది మిల్లీమీటర్లు, ఇంకోదానిలో రెండు ఉంటే ఎర్రబడ్డ మచ్చ ఎక్కడ వస్తుందో మార్చిలోనే తెలిసిపోయినట్టు. నాజిల్ శుభ్రం చేస్తే సరిపోయే చోట చాలామంది లాన్ మొత్తం తవ్వి కొత్త గడ్డి పరుస్తారు.

మధురవాడ, ఎండాడ, కొమ్మాది వైపు కొండ చెక్కి కట్టిన ఆవరణల్లో వాలు కూడా చూసుకోవాలి. ఎండకు గట్టిపడ్డ ఎర్రమట్టి వాలు మీద అరగంట ఏకధాటిగా నీళ్లు వదిలితే మొదటి పది నిమిషాల నీరే ఇంకుతుంది, మిగతాది కింది పార్కింగ్‌లో తేలుతుంది. పది నిమిషాలు వదిలి, అరగంట ఆపి, మళ్లీ పది నిమిషాలు వదలాలి. టైమర్ ఉంటే ఇదొక సెట్టింగ్ మాత్రమే. చెట్లకైతే పాదులు మొదట్లో కాకుండా కొమ్మల నీడ పడే అంచు దగ్గర చేయాలి, నీరు పీల్చే సన్నటి వేళ్లు ఉండేది అక్కడే. ఆ పాదుల్లో రెండు మూడు అంగుళాల మందం కప్పు వేస్తే తడి నిలుస్తుంది. అనకాపల్లి వైపు నుంచి చెరకు చెత్త, ఎక్కడైనా కొబ్బరి పీచు, లేదంటే సొంత ఆవరణలో రాలిన ఆకులే చాలు. మొదలుకు జానెడు దూరం వదలాలి, లేకపోతే చెదలు ఎక్కుతాయి. సిగరెట్ తాగే మూల పక్కన మాత్రం ఎండు కప్పు వేయకపోవడమే మంచిది, కారణం చెప్పక్కర్లేదు.

ఉత్తరపు గోడ మోసం

ఇంటీరియర్ వాళ్లు భవనానికి ఉత్తరం వైపు నీడ మొక్కలు సూచిస్తారు. చలికాలంలో చూస్తే నిజమే, అటు ఎండ పొడ తగలదు. విశాఖ ఉన్నది భూమధ్యరేఖకు దాదాపు 17.7 డిగ్రీల ఉత్తరాన. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, జెండా కర్రకు నీడ ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఉదయం, సాయంత్రం వాలు ఎండైతే ఏప్రిల్ నుంచే ఉత్తరపు గోడను తాకుతుంది. డిసెంబరులో పెట్టిన అగ్లోనిమాలు, పీస్ లిల్లీలు మే నెలలో 'హఠాత్తుగా' తెల్లగా కాలిపోవడానికి కారణం ఇదే. హఠాత్తు ఏమీ లేదు, ప్రతి ఏడూ అదే తేదీలకు జరుగుతుంది. కుండీల్లో ఉంటే ఏప్రిల్లోనే లోపలికి జరపాలి. నేలలో ఉంటే గ్రీన్ నెట్ కట్టాలి.

అద్దాల గోడలది ఇంకో రకం అల్లరి. పడమటి అద్దం మీద పడిన సాయంత్రపు ఎండ ఎదురుగా ఉన్న మొక్కల మీదికి తిరిగి కొడుతుంది. కింద పేవర్ టైల్స్ వేడి, పక్కన ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల వేడి గాలి. ఊరి ఉష్ణోగ్రత ఎంత అన్నదానికి ఆ మూడు అడుగుల పట్టీతో సంబంధం లేదు. అక్కడ కాగితం పూలు, దేవగన్నేరు, కలబంద జాతులు బతుకుతాయి. ఫెర్న్ పెట్టి ఏడవడం అనవసరం.

చచ్చినచోట కొత్తది

వేసవిలో డబ్బు వృథా అయ్యే అతి పెద్ద దారి ఇది. నిర్వహణ ఒప్పందాల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది: మొక్క చనిపోతే ఇన్ని రోజుల్లో కాంట్రాక్టర్ కొత్తది పెట్టాలి. వినడానికి ఆఫీసుకు లాభంగా ఉంటుంది. జరిగేదేమిటంటే, మే రెండో వారంలో ఒక హెడ్జ్ మొక్క చస్తుంది, కాంట్రాక్టర్ గోదావరి పక్క కడియం నర్సరీల నుంచి వచ్చిన లోడులో ఒకటి తెచ్చి అదే గుంతలో పెడతాడు, పదిహేను రోజులకు అదీ చస్తుంది.

ఇలా చచ్చిన మొక్కను ఒకదాన్ని పీకి చూస్తే సంగతి తెలుస్తుంది. చాలాసార్లు నర్సరీ కవరులోని మట్టి ముద్ద ముద్దగానే ఉంటుంది. జిగురు మట్టి ఎండిపోయి ఇటుకలా గట్టిపడి, దానికీ చుట్టూ ఉన్న ఎర్ర ఇసుక మట్టికీ మధ్య వేలు దూరేంత సందు. పోసిన నీరంతా ఆ సందులోంచి కిందికి పోయింది. చుట్టూ మట్టి తడి, ముద్ద లోపల పొడి. వేరు ఒక్కటి కూడా బయటికి రాలేదు. గోదావరి గట్టు నర్సరీలో రోజుకు రెండుసార్లు నీళ్లు తాగి, పక్క మొక్కల నీడలో పెరిగిన మొక్కను లారీలో గాలికి ఆరబెట్టి తెచ్చి, కాలుతున్న టైల్స్ పక్కన పాతితే ఇంతకంటే ఏమవుతుంది?

ఏప్రిల్ పదిహేను తర్వాత కొత్త మొక్క పెట్టకూడదన్నది ఆఫీసు తోటలకు మంచి నియమం. చచ్చిన చోటు ఖాళీగా ఉంచి కప్పు వేయాలి, లేదా కుండీ ఒకటి తెచ్చి అడ్డం పెట్టాలి. చచ్చిన ప్రతి మొక్కనూ కాంట్రాక్టర్ బాకీగా రాసుకుని, జూన్ చివర, నైరుతి వానలు నిలదొక్కుకున్నాక ఒక్కసారే నాటించాలి. అప్పుడు నాటేటప్పుడు ముద్ద అంచులు కత్తితో నిలువుగా గీకి, బయటి మట్టి కొంత కలిపి, ముద్దకు కూడా నీళ్లు ఇంకేలా పెట్టాలి.

దీనికి అడ్డం వచ్చే తేదీ జూన్ 5. ప్రపంచ పర్యావరణ దినోత్సవం. ఫ్లెక్సీ, ఫొటోలు, ఎండీగారి చేతుల మీదుగా మొక్క. ఆ రోజు మన క్యాలెండర్‌లో రోహిణి కార్తె, రోళ్లు పగిలే కాలం అని పెద్దవాళ్లు పేరు పెట్టిన కార్తె. ఉత్తరాంధ్రకు రుతుపవనం మామూలుగా జూన్ రెండో వారం ప్రాంతంలో గానీ రాదు. ఏడాదిలో నాటడానికి అంతకంటే చెడ్డ రోజు వెతికినా దొరకదు. ఫొటో తప్పదనుకుంటే ఆ రోజు గుంతలు తవ్వి, ఎరువు మట్టి నింపే కార్యక్రమం పెట్టుకోవచ్చు. మొక్క మృగశిర దాటాక పెట్టుకోవచ్చు. ఫొటోలో గుంత అంత అందంగా రాదు, నిజమే.

కత్తెర, ఎరువు, పురుగు

లాన్ కోతలో వేసవికి ఒక్కటే మార్పు: మోవర్ బ్లేడు ఎత్తు పెంచడం. చలికాలంలో అంగుళం ఉంచితే ఇప్పుడు అంగుళన్నర, రెండు. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. పొడుగు గడ్డి తన మట్టికి తానే నీడ. బ్లేడు మొద్దుబారితే గడ్డి తెగదు, చిరుగుతుంది, చిరిగిన కొసలు మర్నాటికి తెల్లబడి లాన్ మొత్తం పాలిపోయినట్టు కనిపిస్తుంది. పచ్చదనం కోసం ఏప్రిల్లో యూరియా చల్లే పని పూర్తిగా మానేయాలి. అది లేత ఆకులు పుట్టిస్తుంది, లేత ఆకులు ఇంకా నీళ్లు అడుగుతాయి. పైగా యూరియా ఎక్కువైతే ఉప్పులాగే వేళ్లను మాడుస్తుంది.

మందారం మీద పిండినల్లి, హెడ్జ్ ఆకుల కింద ఎర్రనల్లి వేసవి అతిథులు. రెండింటికీ మొదట బలమైన నీటి ధార, తర్వాత సబ్బు నీరు, ఆ తర్వాత వేపనూనె. ఉద్యోగులు తిరిగే చోట మొదటి రోజే ఘాటు పురుగుమందు కొట్టించడం తలనొప్పి తెచ్చుకోవడమే, రెండర్థాల్లోనూ.

చెట్లు, తుఫాను

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. మర్నాడు పొద్దున్న ఊరు చూసినవాళ్లకు గుర్తుండేది ఆకు లేని కొండలు, రోడ్లకు అడ్డంగా వేళ్లతో సహా పడి ఉన్న చెట్లు. తుఫాను అంటే అక్టోబరు, నవంబరు అనే లెక్క ఉన్నా, మే నెల కూడా బంగాళాఖాతానికి తుఫాను నెలే. 2022 మేలో అసని వచ్చింది. అది రాకపోయినా ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలి చాలు, పార్కింగ్‌లో కారు మీద కొమ్మ పడటానికి.

కాబట్టి చెట్టు పని చందనోత్సవం నాటికి, అంటే అక్షయ తృతీయకు అయిపోవాలి. చేయాల్సింది ఎండు కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, పగులు పట్టిన సందులు తీయడం, గాలి దూరేలా గుబురు పలచన చేయడం. జరిగేది మాత్రం వేరు. పైన మొత్తం నరికేసి మొండెం మిగులుస్తారు. నీడ పోయిన బెరడు ఎండకు పగులుతుంది. నరికిన చోట పుట్టే గుత్తి కొమ్మలకు పట్టు ఉండదు, రెండేళ్ల తర్వాత గాలికి ముందుగా ఊడేవి అవే. అన్నిటికన్నా వింత ఏమిటంటే, నీడ అత్యవసరమైన రెండు నెలల ముందు డబ్బులిచ్చి మరీ నీడ తీయించుకోవడం. మొత్తం చెట్టే కొట్టేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 ప్రకారం అనుమతి కావాలి. సొంత ఆవరణ అయినా సరే. కరెంటు తీగల దగ్గరి కొమ్మలకు ఈపీడీసీఎల్ వాళ్లకు చెప్పి లైన్ ఆపించాకే ఎక్కాలి.

కొబ్బరి చెట్లు ఉన్న హోటళ్లు, రిసార్టులు గెలలు, ఎండు మట్టలు దింపించుకుంటే చాలు. పచ్చి మట్టలు కూడా కొట్టేసి చీపురుకట్టలా నిలబెట్టడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. ఆ గాయాల వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది.

మార్చి 31

ఇన్ని చెప్పుకున్నాక అసలు ముడి ఎక్కడుందో చూడాలి. ఆఫీసుల వార్షిక నిర్వహణ ఒప్పందాలు ఆర్థిక సంవత్సరంతో నడుస్తాయి. మార్చి 31తో పాతది ముగుస్తుంది, ఏప్రిల్ 1న కొత్తది. అంటే ఏడాదిలో తోటకు తెలిసిన చేయి అత్యవసరమైన రోజునే చేయి మారుతుంది. పాత కాంట్రాక్టర్‌కు రెన్యూవల్ రాదని ఫిబ్రవరిలోనే వాసన తగిలితే మార్చి నెల పని చేయడు. కొత్తాయనకు ఏ వాల్వు ఏ లైనుదో తెలిసేసరికి మే వస్తుంది. డ్రిప్ నాజిళ్లు సున్నం పట్టి మూసుకుపోయాయన్న సంగతి మొక్కలు ఎండాకే బయటపడుతుంది. ఎల్-1 టెండరు, అంటే అందరికంటే తక్కువ రేటు వేసి గెలిచింది కనక మనుషుల్ని కూడా తగ్గించి ఉంటాడు.

దీనికి మందు కష్టమైనదేమీ కాదు. తోట ఒప్పందాన్ని హౌస్ కీపింగ్, సెక్యూరిటీల నుంచి విడదీసి జూలై నుంచి జూన్ దాకా పెట్టుకోవడం. వేసవి మొత్తం ఒకే చేతిలో ఉంటుంది, వానల్లో చేయి మారితే మొక్కలకు పెద్దగా తెలియదు. కొలిచే పద్ధతి కూడా మార్చాలి. ఇప్పుడు కొలిచేది అటెండెన్స్: రోజుకు ఇంతమంది మాలీలు వచ్చారా లేదా. తోట లైనుకు విడిగా ఒక నీటి మీటరు పెట్టి, నెలకు సెంటుకు ఎన్ని లీటర్లు అయ్యాయి, ఎన్ని మొక్కలు పోయాయి అని రాస్తే బిల్లు మాట్లాడటం మొదలుపెడుతుంది. నీళ్లు తక్కువ వాడి మొక్కలు నిలబెట్టినవాడికి బోనస్ ఇచ్చినా ట్యాంకర్ల ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

కంపెనీ నిబంధనలు అడ్డొచ్చి ఏప్రిల్ 1 తప్పదనుకుంటే, పాత కాంట్రాక్టర్ ఆఖరి బిల్లు ఆపి అయినా సరే ఒక కాగితం రాయించుకోవాలి. తోట మ్యాపు మీద వాల్వులకు నంబర్లు, ఒక్కో వాల్వు కింద ఏ పాదులు, ఎన్ని నిమిషాలు, ఏ నీరు, మార్చిలో టీడీఎస్ ఎంత, ఎక్కడ పైపు అతుకు వేశారు, ఏ చెట్టు మొదట్లో చెదలు ఉన్నాయి. దాన్ని లామినేట్ చేయించి మోటారు గదిలో స్టార్టర్ పక్కన మేకుకు తగిలించాలి. మేనేజర్ కంప్యూటర్‌లో దాచిన ఎక్సెల్ ఫైలు తెల్లవారుజామున నాలుగింటికి మోటారు వేసే వాచ్‌మన్‌కు కనపడదు.